కార్బ్యురేటర్ వైద్యం

డాక్టరు చేత పత్రికకి ఏమైనా రాయించాలంటే రక్తపోటు గురించో, చక్కెర వ్యాధి గురించో రాయమనడం రివాజు. మన సంఘం వారు నన్నూ అదే అడిగారు. ఆ రెండింటి గురించీ మీరు మీ మీ డాక్టర్ల దగ్గర వినే ఉంటారు. విని, వచ్చి మన విందుల్లో జిలేబీ తింటూనే ఉంటారు. కనుక ఈసారికి నన్ను క్షమించి వదిలేస్తే, పట్టా లేకుండా నేను చేస్తున్న వైద్యం ఒకటి మనవి చేసుకుంటాను.

రోగి పేరు హోండా సి.బి. 350. పుట్టిన సంవత్సరం 1972, అంటే నాకంటే బాగా పెద్ద. మా వీధి చివరి పెద్దాయన ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, గరాజులో దుప్పటి కప్పి ఉన్న ఈ మోటారు సైకిల్ని 600 డాలర్లకి నాకు ఇచ్చి వెళ్ళారు. ఈ మోడలు 1968 నుంచి 1973 దాకా వచ్చింది. అమెరికాలో బాగా అమ్ముడైంది కనుక విడి భాగాలకి ఇప్పటికీ లోటు లేదు. 325 సి.సి. ఇంజను, రెండు సిలిండర్లు, సిలిండరుకొకటి చొప్పున రెండు కేహిన్ కార్బ్యురేటర్లు. మా ఆవిడ దాన్ని చూసి, "ఆస్పత్రిలో చూసే ముసలివాళ్ళు చాలలేదా?" అంది.

కార్బ్యురేటర్ అంటే భయపడవలసిన వస్తువు కాదు. గాలి ఒక సన్నని గొంతులోంచి పోతుంది. గొంతు సన్నబడ్డ చోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. ఆ తగ్గిన పీడనానికి కింద గిన్నెలో ఉన్న పెట్రోలు సన్నని రంధ్రాల గుండా పైకి లేచి, తుంపరై గాలిలో కలుస్తుంది. లెక్క ప్రకారం పెట్రోలు ఒక పాలైతే గాలి బరువులో 14.7 పాళ్ళు కావాలి. ఈ పీడనం సంగతి లోకానికి చెప్పిన డేనియల్ బెర్నౌలీ మా కులంవాడే, అంటే డాక్టరే. 1721లో బాసెల్ నగరంలో శ్వాసక్రియ మీద వ్యాసం రాసి వైద్య పట్టా పుచ్చుకున్నాడు. ద్రవాల ప్రవాహం మీద ఆయన పుస్తకం 1738లో వచ్చింది. ఆ సన్నని గొంతుకి ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచురి పేరు పెట్టారు. ఆయాసంతో వచ్చిన రోగికి 24 శాతమో, 28 శాతమో కొలిచి ఆక్సిజన్ ఇచ్చే మాస్కుకీ ఆయన పేరే. రెండు చోట్లా పని ఒకటే: పాళ్ళు తప్పకుండా కలపడం.

ముందు రోగ నిర్ధారణ. చోక్ లాగితే బండి స్టార్ట్ అవుతోంది, చోక్ మూయగానే ఆగిపోతోంది. అంటే ఇంజనుకి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అందుతోందన్నమాట. మేము రోగి నాలుక చూసినట్టే మెకానిక్కులు స్పార్క్ ప్లగ్గు చూస్తారు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, మసిబారితే ఎక్కువైంది, లేత కాఫీ రంగులో ఉంటే ఆరోగ్యం. మా బండికి కుడి ప్లగ్గు కాఫీ రంగు, ఎడమది సున్నం కొట్టినట్టు తెలుపు. జబ్బు ప్రధానంగా ఎడమ వైపు.

కారణం కూడా తెలిసిందే. పెట్రోలు నెలల తరబడి గిన్నెలో కదలకుండా ఉంటే, అందులో తేలిక భాగం ఆవిరైపోయి మిగిలింది జిగురుగా మారుతుంది. ఇక్కడ బంకుల్లో దొరికే పెట్రోల్లో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమని పీల్చుకుంటుంది. గిన్నె విప్పి చూస్తే అడుగున ఆకుపచ్చ మడ్డి, పాత వార్నిష్ వాసన. వెంట్రుక దూరేటంత సన్నని పైలట్ జెట్టు రంధ్రం పూర్తిగా పూడిపోయి ఉంది. గుండె రక్తనాళం పూడిపోవడం రోజూ చూసేవాణ్ణి కనుక నాకేమీ వింత అనిపించలేదు.

ఇక్కడ మా నాన్నగారి ప్రస్తావన రావాలి. ఆయన నరసరావుపేట దగ్గర కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. 1984లో కొన్న యెజ్డీ ఆయనకి ఉంది. మైసూరులో తయారైన బండి. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతబడింది. కిక్కు కొట్టే రాడ్డే తిప్పితే గేరు రాడ్డు అయ్యేది. రెండు సైలెన్సర్లున్నా సిలిండరు ఒకటే, కార్బ్యురేటరూ ఒకటే. చెక్ దేశపు జికోవ్ రకం. దాన్ని ఆయన నెలకోసారి వరండాలో పాత న్యూస్‌పేపరు పరిచి విప్పేవారు. పక్కన కూర్చుని స్క్రూలు మూతలో వేసి పట్టుకోవడం నా ఉద్యోగం.

నాలుగేళ్ళ క్రితం ఆయనకి పార్కిన్సన్ జబ్బు అని తేలింది. గుంటూరులో మంచి డాక్టరే చూస్తున్నారు. ఈ జబ్బులో చెయ్యి వణకడం ఒక్కటే కాదు, గొంతు సన్నబడుతుంది, ముఖంలో కదలిక తగ్గుతుంది, మాట్లాడాలన్న ఇష్టమే సన్నగిల్లవచ్చు. ఫోను చేసి "ఎలా ఉన్నారు నాన్నా" అంటే "నాకేమిరా, గుండ్రాయిలాగా ఉన్నా" అనేవారు. ఆ తర్వాత ఫోను అమ్మ చేతికి పోయేది. వేల మైళ్ళ దూరం నుంచి ఆ గుండ్రాయి మాట వెనక ఏముందో తేల్చుకోవడానికి నా చదువేమీ సాయపడలేదు.

ఒక శనివారం రాత్రి వీడియో ఫోనులో విప్పిన కార్బ్యురేటర్ చూపించాను. ఆయన ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకుని, "రెండున్నయ్యేందిరా?" అన్నారు. ఆ రోజు గంట సేపు మాట్లాడారు. అప్పటి నుంచి మాకు శనివారం రాత్రి 9:30, ఆయనకి ఆదివారం ఉదయం 7 ముహూర్తం అయింది. ఆ వేళ ఎంచుకున్నది ఊరికే కాదు. 6 గంటలకి వేసుకున్న మాత్ర 7 కల్లా పనిచేస్తూ ఉంటుంది.

ఆయన చెప్పిన పద్ధతులు, నేను పుస్తకంలో చూసుకున్నవి కలిపి ఆసక్తి ఉన్నవారి కోసం రాస్తున్నాను. రెండూ ఒకేసారి విప్పకూడదు. ఒకటి విప్పి, శుభ్రం చేసి, బిగించాకే రెండోది; అప్పుడు ఏ ముక్క ఎక్కడిదో సందేహం వస్తే రెండోది చూసుకోవచ్చు. జపాను బండి స్క్రూ తల మామూలు ప్లస్ గుర్తులాగే ఉంటుంది కానీ దాని కొలత వేరు. జపాను కొలత స్క్రూ డ్రైవరే వాడాలి, లేకపోతే తల అరిగిపోతుంది. గాలి స్క్రూని విప్పే ముందు, పూర్తిగా లోపలికి ఎన్ని చుట్లు తిరుగుతుందో మెల్లగా తిప్పి లెక్కపెట్టి కాగితం మీద రాసుకోవాలి. లోపల పల్చని రబ్బరు డయాఫ్రం ఉంటుంది. మన పొట్టకీ ఊపిరితిత్తులకీ మధ్య ఉండే కండరానికీ అదే పేరు, పనీ ఇంచుమించు అలాంటిదే. దాన్ని దీపానికి ఎదురుగా పట్టి చిల్లులున్నాయేమో చూడాలి. దాని మీద కార్బ్యురేటర్ క్లీనర్ పడనివ్వకూడదు, ఉబ్బిపోతుంది.

జెట్టు దగ్గరికి వచ్చేసరికి నాన్నగారి గొంతు పెరిగింది. "ఒరేయ్, ఇనప తీగ పెట్టి పొడవమాక. బెజ్జం పెద్దదైతే ఇంక దాని మొహం ఎవుడూ చూడడు. కరెంటు వైరు కోసి రాగి పోగు ఒకటి తియ్యి. ముందు నానబెట్టు, తరవాత పోగు పెట్టు, ఆ తరవాత గాలి కొట్టు." లైన్‌మన్ ఇంట్లో రాగి పోగులకి కరువేముంది! ఆ పై వారం ఆయన కూడా తన జికోవ్‌ని వరండాలోకి తెప్పించుకుని కూర్చున్నారు. ఒళ్ళో ఉన్నంత సేపూ వణికిన చెయ్యి, స్క్రూ డ్రైవరు పట్టుకోగానే చాలా వరకు నిలిచింది. ఈ జబ్బులో వణుకు విశ్రాంతిలో ఎక్కువ, పనిలో తక్కువ అని మేము చదువుకున్నదే. చదువుకున్నది నాన్న చేతిలో చూడటం వేరు.

గిన్నెలోకి పెట్రోలు ఎంత రావాలో ఫ్లోటు, దాని మీది సూది నిర్ణయిస్తాయి. నీళ్ళ ట్యాంకులో బంతి లాంటిదే. నా ఎడమ కార్బ్యురేటర్‌లో ఆ సూది జిగురుకి ఇరుక్కుపోయి ఉంది. అది చూపిస్తుంటే నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "నాకూ అట్టాగే అవుతందిరా. నడిచి నడిచి గడప కాడికి వచ్చేసరికి కాళ్ళు నేలకి అంటుకుపోతన్నయ్. రెండుసార్లు పడ్డా. మీ అమ్మకి చెప్పమాక" అన్నారు.

ఇది జబ్బులో ఒక ముఖ్యమైన మలుపు. గుమ్మాల దగ్గర, ఇరుకు చోట్ల, మలుపుల్లో కాళ్ళు ఒక్కసారిగా ఆగిపోతాయి. తుంటి ఎముకలు విరిగేది ఇలాంటప్పుడే. మర్నాడే గుంటూరు డాక్టరు గారితో మాట్లాడాను. ఆయన మాత్రల మోతాదు, వేళలు మార్చారు. మా బావగారు గుమ్మానికి ఇటూ అటూ నేల మీద అడుగుకొకటి చొప్పున అడ్డంగా పసుపు రంగు టేపు అంటించారు. కాలు ఆగిపోయినప్పుడు ఆ గీతని దాటాలని చూస్తే చాలామందికి అడుగు పడుతుంది. నేల మీద జారే పట్టాలు తీసేశారు. అమ్మకి చెప్పకుండా ఇవన్నీ చెయ్యడం కుదరదు కనుక ఆ ఒక్క మాటా దాటవలసి వచ్చింది. నాన్నగారు రెండు వారాలు నాతో ముభావంగా ఉన్నారు. మూడో వారం తనే ఫోను చేసి, "ఆ సూది ఊడొచ్చిందా?" అని అడిగారు.

ఊడి వచ్చింది. బిగించాక గరాజు తలుపు పూర్తిగా ఎత్తి, బండిని బయటికి తోసి స్టార్ట్ చేశాను. మా అమ్మాయి ఫోను పట్టుకుంది. ఒక్కో సైలెన్సరు దగ్గరా పెట్టి వినిపించమన్నారు. విని, "ఎడమది గుక్క తక్కువ తాగుతంది" అన్నారు. వాక్యూమ్ గేజి పెట్టి చూస్తే ఎడమ వైపు థ్రాటిల్ నిజంగానే కాస్త ఆలస్యంగా తెరుచుకుంటోంది. కేబులు సరిచేశాక రెండూ ఒకే ఊపిరి తీశాయి. "ఇందులో ఆయిలు కలపక్కర్లేదా?" అని ఒకటికి రెండుసార్లు అడిగారు. యెజ్డీ టూ స్ట్రోక్ బండి కదా, ఆయన చెయ్యి ఇంకా ఆ లెక్కలోనే ఉంది.

డాక్టరుగా రెండు మాటలు చెప్పకపోతే సంఘం వారు ఊరుకోరు. మన ఊళ్ళలో చేసినట్టు పైపు నోట్లో పెట్టి పెట్రోలు లాగవద్దు. ఊపిరితిత్తుల్లోకి ఒక్క గుక్క పోయినా ప్రమాదకరమైన న్యుమోనియా వస్తుంది. పొరబాటున మింగిన వారిని వాంతి చేయించవద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. మూసిన గరాజులో ఇంజను నడపవద్దు. కార్బన్ మోనాక్సైడు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది, దానికి రంగూ వాసనా లేవు. పెట్రోలు ఆవిరి నేల మీద పాకుతుంది కనుక గ్యాసు హీటరు ఉన్న గదిలో గిన్నె విప్పవద్దు.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కాలుష్య నిబంధనలతో కొత్త బళ్ళలో కార్బ్యురేటర్ దాదాపు కనుమరుగైంది. ఈ విద్య మరి కొన్నాళ్ళకి ఎవరికీ అక్కరలేకపోవచ్చు. నాన్నగారి జబ్బు తగ్గేది కాదు, నెమ్మదింపజేయగలిగేది అంతకంటే కాదు. బాధలు మాత్రమే తగ్గించగలం. ఇది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఈ శీతాకాలం రెండు గిన్నెలూ ఖాళీ చేసి పెట్టమని, వసంతంలో జెట్లు మళ్ళీ చూడమని ఆయన ఆజ్ఞ.

మీలో చాలామందికి అక్కడ పెద్దవాళ్ళున్నారు. "ఒంట్లో ఎలా ఉంది" అంటే "బాగానే ఉంది" అన్న జవాబే మీకూ వస్తూ ఉంటుంది. ఈ వారం ఆ ప్రశ్న అడగకండి. కుట్టు మిషనో, మగ్గమో, ఆవకాయ జాడీయో, మోటారు పంపో, వాళ్ళ చేతులకి బాగా తెలిసిన పని ఏదుందో దాని గురించి అడగండి. అడిగి, తొందరపడకుండా వినండి.