పునాది మాట

ఇల్లు కట్టు తలంపు కలిగినతోడనే మన మాలోచించునది వంటయిల్లు, దేవునిగది, నీళ్లతొట్టి. భూమిలో దాగు పునాదిని గూర్చి యడుగు స్త్రీలు అరుదు. అది కంటికి గానరాని వ్యయము గనుక, సొమ్ము చాలనపుడు మొదట తగ్గించునది దానినే.

నంద్యాల ప్రాంతమున నల్లరేగడినేలలో మేము చిన్నయిల్లు కట్టదలచినపుడు కూడబెట్టిన సొమ్ము కొంచెమే. పునాదిని మూడడుగులతో ముగించి, మిగులు సొమ్ముతో ముందు వసారా వేయుడని బంధువులు హితవు చెప్పిరి. వసారాపై మాకును మక్కువయే. కాని మా వీధిలో నొక యిల్లాలు ఏటేట గోడల బీటలను సున్నముతో పూడ్చుట మేము చూచుచునే యుంటిమి. ఆమె యందు లోపము లేదు; లోపము నేల నెఱుగని పునాదిది.

అందుచే ఇంజనీరుగారిని పిలిపించి, గోతులు త్రవ్వించి, మన్ను పరీక్ష చేయించితిమి. గట్టినేల పైననే దొరకినచో గోడక్రింద వెడల్పయిన, లోతు తక్కువ పునాది చాలును. తడినేలలో మంచపుకోళ్లు దిగబడును. వానిక్రింద పలకలు వేసినచో బరువు పరచుకొని మంచము నిలుచును. ఆ పునాది పనియు నిట్టిదే.

రేగడినేల సంగతి వేఱు. అది వానకు నీరు త్రాగి యుబ్బును, ఎండకు కుదించుకొని నెఱ్ఱెలు వారును. తనపై నున్న తేలికయింటిని ఎత్తుచు దింపుచు నుండును. కావున పునాది తేమ యంతగా మారని లోతునకు పోవలెను. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఇట్టి నేలలకై వృద్ధిచేసిన స్తంభపు పునాదులు కలవు. సుమారు 3.5 మీటర్లు తొలిచి, అడుగున రంధ్రమును రెండున్నర రెట్లు వెడల్పు చేసి, ఇనుపకమ్ములు దించి కాంక్రీటు నింపుదురు. స్తంభముల తలలను కలుపు దూలములక్రింద కొంత ఖాళీ విడుతురు. నేల యుబ్బినను దూలమును ఎత్తజాలదు.

నేల దోషము గొప్ప కట్టడములను సయితము విడువలేదు. ఇటలీలో 1173లో నారంభించిన పీసా గోపురమునకు పునాది లోతు సుమారు 3 మీటర్లే. క్రింద మెత్తని మన్ను. కట్టుచుండగనే యది ఒరుగజొచ్చెను. 1990లో దానిని మూసి, ఎత్తుగా నున్న ప్రక్క మన్ను తీసి, 2001లో గాని మరల తెఱువలేకపోయిరి.

మేము వసారా మానుకొని స్తంభములే వేయించితిమి. ఇంటిచుట్టు గచ్చు చేయించి, స్నానపునీరు గోడకడ నిలువకుండ కాలువ తీయించితిమి. సోదరీమణులారా, వసారా మఱుసటి యేడును వేసికొనవచ్చును. ఇల్లు లేచిన పిమ్మట పునాదిని మరల వేయుట దుర్లభము. మన నేల యెట్టిదని కట్టుబడికి ముందే యడుగుట ఇల్లాలి హక్కు, బాధ్యత కూడ.