అంతర్వేదిలో అమ్మతో ఓ నడక

అంతర్వేది అనగానే చాలామందికి భీష్మ ఏకాదశి తీర్థం, రథం, ఇసకేస్తే రాలని జనం గుర్తొస్తాయి. నన్నడిగితే తీర్థం లేని రోజుల్లోనే ఆ ఊరు చూడాలంటాను. కొబ్బరితోటలు, ఒక పక్క వశిష్ఠ గోదావరి, ఇంకో పక్క సముద్రం, మధ్యలో లక్ష్మీనరసింహస్వామి గుడి. మొన్న పుష్యమాసంలో అమ్మా, నేనూ వెళ్లొచ్చాం.

మాది పాలకొల్లు. నాన్న సంవత్సరీకం అయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ఒకటే గొడవ. ఇల్లు అమ్మేసి అమ్మని హైదరాబాద్ తీసుకెళ్లిపోదామని అన్నయ్య, అప్పుడే వద్దని నేను. అన్నయ్యది తప్పనడానికీ లేదు. రాత్రిపూట ఒక్కర్తీ పడిపోతే ఎవరు చూస్తారని వాడి భయం. అమ్మ మాత్రం ఎవరేమన్నా "మీ ఇష్టం" అనేసేది.

చించినాడ వంతెన మీంచి కారులో వెళ్లొచ్చు. కానీ అమ్మ పంటు ఎక్కుదామంది. నరసాపురం మాధవాయిపాలెం రేవులో ఎక్కితే అవతల సఖినేటిపల్లిలో దిగుతాం. బళ్లూ, బస్తాలూ, మనుషులూ అన్నీ ఒకేసారి గోదావరి దాటుతాయి. అక్కణ్ణుంచి ఆటో.

జనం లేకపోవడంతో దర్శనం తీరిగ్గా అయింది. అన్ని గుళ్లలా కాకుండా ఇక్కడ స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. బయటికొచ్చాక ఒక ఇంటి అరుగు మీద ఒకావిడ లేసు అల్లుతూ కనిపించింది. అమ్మ ఆగిపోయింది. "ఏదీ, ఇలా ఇవ్వమ్మా" అని సూది తీసుకుని నాలుగు కుట్లు వేసింది. వేళ్లు మర్చిపోలేదు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని నేనంటే ఆవిడ నవ్వి, "అల్లే చేతికి ఎంతొస్తుందో కూడా అడగండమ్మా" అంది.

తర్వాత సంగమం వైపు ఏటి ఒడ్డునే నడిచాం. మామూలుగా అయితే అరగంట కూడా పట్టదు. అమ్మ మోకాళ్లతో ముప్పావుగంట పట్టింది. ఒడ్డున మడచెట్లు, ఆరేసిన వలలు, ఎండుచేపల వాసన, దూరంగా సరుగుడు తోట. పక్కపక్కనే నడుస్తుంటే ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. అందుకేనేమో అడగడం తేలికైంది.

"అమ్మా, మా ఇద్దరి సంగతి వదిలెయ్యి. నీకెక్కడ ఉండాలనుంది?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మన వీధి గుమ్మం, పెరటి గుమ్మం, వంటింటి తలుపులు నా లేసు డబ్బులే. మీ నాన్న గోడలు లేపి ఆగిపోతే రెండేళ్లు రాత్రిళ్లు దీపం దగ్గర అల్లాను. అవి అమ్ముతామంటే ఏం చెప్పనే?"

యాభై ఏళ్లు దాటిన నాకు ఆ సంగతి మొదటిసారి తెలిసింది. ఇంట్లో ఎప్పుడూ "నాన్న కట్టిన ఇల్లు" అనే విన్నాను.

అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గరికి చేరాం. గోదారి నీళ్లు ఓ రంగు, సముద్రం నీళ్లు ఓ రంగు. అమ్మ చూసి, "మీ ఇద్దరి పేరే పెట్టారు. ఇక్కడికొచ్చీ కొట్టుకుంటారేమో" అని నవ్వింది. నవ్వుతూనే లెక్క చెప్పింది: "చలికాలం వెళ్లాక హైదరాబాద్ వస్తా, వేసవంతా మనవలతో ఉంటా. మిగతా రోజులు ఇక్కడే. బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీలు పెట్టించండి. పక్కింటి అమ్మాయి రాత్రిళ్లు తోడు పడుకుంటానంది, దానికి చదువు ఖర్చు ఇద్దాం." అంటే ఇదంతా ఎప్పుడో ఆలోచించి పెట్టుకుంది. అడిగినవాళ్లే లేరు.

ఆ సాయంత్రం అన్నయ్యకి ఫోన్ చేసి ఆవిడ చేతికే ఇచ్చాను. గుమ్మాల సంగతి విని వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఇల్లు ఇంకా తేలలేదు గానీ, కడ్డీలు బిగించడానికి మాత్రం మనిషిని పంపాడు.

మీరూ అమ్మనో అత్తగారినో అంతర్వేది తీసుకెళ్తే పొద్దున్నే బయల్దేరండి, ఎండ ముదిరితే ఇసక కాలుతుంది. గోదారి పోటు మీదుంటే పంటు ఆపేస్తారు, ముందే కనుక్కోండి. సంగమం దగ్గర లోతుకి దిగకండి. దర్శనం కాగానే తిరుగు ఆటో ఎక్కెయ్యకుండా, ఆ ఏటి ఒడ్డున వాళ్ల నడకతోనే నడవండి. వాళ్లకేం కావాలో అడగండి. సమాధానం సిద్ధంగానే ఉండొచ్చు.