టక్కుమన్న చప్పుడు

తగరపువలసలో పిల్లలకు కబడ్డీ నేర్పుతాను. పదిహేడేళ్ళ కుర్రాడి భుజాన్ని నా చేతులతోనే పాడుచేశాను.

సంక్రాంతి పోటీల్లో మావాడు కవర్ స్థానంలో పక్కవాడి చెయ్యి పట్టుకుని గొలుసు కట్టాడు. కూతకొచ్చినవాడు గొలుసు తెంచుకుని గీతకేసి దూకాడు. చాచి ఉన్న మావాడి చెయ్యి అలాగే వెనక్కి మెలిపడిపోయింది. "మాస్టారూ, గూడ జారిపోనాది" అంటూ కూలబడ్డాడు. భుజం గుండ్రదనం పోయి కొస ఎముక తేలింది. మా పెద్దాటగాళ్ళు చేయగా చూసిందే చేశాను: చంకలో మడమ ఆనించి చెయ్యి లాగాను. టక్కుమని కూర్చుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడే వైద్యమనుకున్నాను.

నొప్పి లేదన్నాడని మూడు వారాలకే బరిలోకి దింపాను. వేసవిలో మళ్ళీ జారింది. మూడోసారి నిద్రలో పక్కకు ఒత్తిగిలితేనే జారింది. వాళ్ళమ్మ మా గుమ్మం దగ్గరకొచ్చి "బాబూ, మావోడు పడుకోడానికి భయపడతన్నాడు" అంది. ఒక్క మాట అనలేదు నన్ను. అనుంటే బాగుండేది.

విశాఖలో ఎముకల డాక్టరు వాడి చెయ్యి పక్కకెత్తి మెల్లగా వెనక్కి తిప్పబోతే మొహం బిగుసుకుపోయింది. ఈ పరీక్షలో చూడాల్సింది నొప్పిని కాదు, ఆ బెదురునే అన్నారాయన. భుజం గిన్నె లోతు తక్కువ; అంచు చుట్టూ వాషరులాంటి లాబ్రం ఉండి చేతి ఎముక బంతిని నిలబెడుతుంది. వాడికి ముందువైపు అది ఊడిపోయిందని ఎమ్మారైలో తేలింది. 1923లో బ్యాంకార్ట్ అనే లండన్ సర్జన్ వివరించిన గాయమట. కుర్రవయసులో ఒకసారి జారిన భుజం మళ్ళీ జారడమే ఎక్కువట.

"లాగేముందు ఎక్స్‌రే తీయించారా? భుజం బయటివైపు స్పర్శ ఉందో లేదో చూశారా?" అనడిగారు. ఎముక చిట్లి ఉంటే నా లాగుడికి అది ఇంకా విరిగేది. చంక పక్కగా పోయే నరం దెబ్బతింటే ఆ చోట తిమ్మిరెక్కుతుంది, చెయ్యి పైకి లేవదు. నేను తల దించుకున్నాను.

ఆపరేషన్ చేసి లాబ్రాన్ని గిన్నె అంచుకు కుట్టారు. తర్వాత జోలె, రబ్బరు పట్టీతో కసరత్తులు. మొదటి రెండు నెలలూ రోజూ నేనే ఫిజియో దగ్గరికి తీసుకెళ్ళాను. ఏడో నెలలో మళ్ళీ ఆడాడు. గొలుసు కట్టేటప్పుడు మాత్రం ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాడు. అప్పుడు నేను చూపు తిప్పుకుంటాను.

ఇప్పుడు ఎవడి గూడ జారినా లాగను, ఎవర్నీ లాగనివ్వను. చెయ్యి ఎలా ఉంటే అలాగే తువ్వాలుతో ఒంటికి కట్టి, భుజం బయటివైపు వేలితో తాకి "తెలుస్తందా?" అని అడుగుతాను. ఆటో వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.