జేబులేనివారికి జేబుకత్తి

స్త్రీల పత్రికలో జేబుకత్తిని గూర్చి వ్రాయుట యేమని మీలో కొందరు నవ్వవచ్చును. కత్తిపీటను గూర్చి వ్రాసినచో ఎవరును నవ్వరు. ఇంటిలోపల మన చేత నుండు కత్తి సహజముగను, గడప దాటిన పిమ్మట మన కడ నుండు కత్తి వింతగను తోచుట యెందుచేతనో నేనును చాలకాలము ఆలోచింపలేదు. గడచిన పసుపు కాలమున జరిగిన యొక సంగతి నన్ను ఆలోచింపజేసినది.

మాది నిజామాబాదు జిల్లా జక్రాన్‌పల్లి. ఇచ్చట పసుపు త్రవ్వుట, కొమ్మును మండను వేరుచేయుట, ఉడికించుట, ఎండబెట్టుట, బస్తాల కెత్తుట జనవరి మొదలు మార్చి వరకు సాగును. ఆ దినములలో మా చిన్న ఆడబిడ్డ పుట్టింటికి వచ్చియుండెను. ఒకనాటి సాయంకాలము నా స్కూటరు మీద ఇద్దరమును ఆర్మూరు పోవుచుంటిమి. త్రోవలో వెనుకనుండి “వదినా” అన్న పిలుపు సగము వినబడి ఆగిపోయెను.

నేను బండి నాపునప్పటికే ఆమె క్రింద పడియుండెను. కొంగు వెనుక చక్రమునకు చుట్టుకొని, భుజము మీదుగా మెడను బిగించియుండెను. నేను గుడ్డను లాగితిని, లాగినకొలదియు బిగిసెను. చేతిసంచి క్రుమ్మరించి చూచితిని: ఫోను, దువ్వెన, తాళపుచెవులు, పిన్నీసులు. గుడ్డను కోయగల వస్తువు ఒక్కటియు లేదు. పండ్లతో కొరికితిని. ఇంతలో చేలనుండి మరలుచున్న కూలి స్త్రీ యొకతె పరుగున వచ్చి, తన యెడమచేతిని గుడ్డక్రింద దూర్చి, కొడవలి పదును వెలుపలివైపునకు త్రిప్పి, బిగిసిన కొంగును తెగగోసెను. ఆమె వ్రేళ్లకు గాయమైనది. మా ఆడబిడ్డ ప్రాణము దక్కినది. మెడ మీది మచ్చ యింకను మాయలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బండి నడిపినది నేను. కొంగు నడుమున దోపుకొమ్మని యెక్కకముందే చెప్పవలసినది నేను. కత్తికంటె ముందటి రక్షణ యదియే. ఒకవేళ చిక్కుకొన్నచో వెంటనే ఇంజను ఆపవలెను, గుడ్డను లాగరాదు, వీలైనచో చక్రమును మెల్లగా వెనుకకు త్రిప్పవలెను. అప్పటికిని వదలనిచో కోయుటయే గతి. కొడవలి గల తల్లి ప్రతి త్రోవలోను మనకు ఎదురుపడునా?

మరునాడే మా వారు నిజామాబాదునుండి యొక పనిముట్టు తెచ్చిరి. పటకారు, రంపము, ఆకురాయి, స్క్రూడ్రైవరు, చాకు మొదలైనవన్నియు ఒక పిడిలో మడతపడి యున్నవి. తూకమున పావుకిలోకు దగ్గర. దానిని రొండిన దోపుకొని మూడు దినములు తిరిగితిని. కుచ్చెళ్లు సవరించుకొనుటతోనే సరిపోయెను. నాలుగవనాడు అది బీరువా చేరెను. మంచి వస్తువు కాకపోలేదు. ఇప్పుడది బోరుమోటారు కడ మా వారి చేతిలో చక్కగా పనిచేయుచున్నది. నాకు కావలసినది మాత్రము అది కాదు.

ఇట్టి పనిముట్లు ఎవరి యక్కర నుండి పుట్టినవో తెలిసికొన్నచో ఏది యెవరికి తగునో తెలియును. అమెరికావాడగు టిమ్ లెదర్‌మన్ 1975లో భార్యతో యూరపుఖండమున పాతకారులో తిరుగుచు, అడుగడుగున దానిని బాగుచేసికొనవలసి వచ్చి, జేబుకత్తికి పటకారు కూడ నున్న బాగుండునని తలచెను. ఆ తలపు 1983లో గాని అంగడికెక్కలేదు. స్విట్జర్లండులో కార్ల్ ఎల్సెనర్ 1884లో కత్తుల కార్ఖానా పెట్టి, 1891లో అచ్చటి సైన్యమునకు మడతకత్తుల నందించెను. 1897లో మరింత తేలికైన దానిని రూపొందించెను. 1909లో తల్లి విక్టోరియా మరణింపగా తన సంస్థకు ఆమె పేరు పెట్టెను. త్రుప్పుపట్టని ఉక్కునకు గుర్తుగా 1921లో ‘ఇనాక్స్’ చేరి, అది విక్టోరినాక్స్ అయినది. సిపాయిల కొరకు పుట్టిన కత్తి ఒక తల్లి పేరు మోయుచున్నది!

అంత దూరమేల? మా జిల్లాలోని కోనసముద్రపు కమ్మరులు మూసలలో కరగించిన ఉక్కు ఒకప్పుడు పర్షియాదేశమున కత్తులకు ప్రసిద్ధి కెక్కినది. పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున హెన్రీ వాయిసీ యను పరిశోధకుడు, ఆ ఉక్కు కొనుటకై ఇస్ఫహానునుండి వచ్చిన వర్తకుని అచ్చట స్వయముగా చూచెను. ఇట్టి ఉక్కు పుట్టిన సీమలో నేను గుడ్డను పండ్లతో కొరికితిని గదా యని సిగ్గుపడితిని.

పొరుగింటామె ఒకనాడు, “ఆడిదాని రొండిల కత్తేంది?” అని నవ్వగా మా అత్తమ్మ ఊరకుండలేదు. “మా అవ్వ వక్కల సంచి నువ్వు చూడలే. అడకత్తెర, చిన్న చాకు, ముల్లు తీసే శ్రావణం, చెవి గుబిలి పుల్ల, అన్ని అండ్లనే ఉంటుండె. నిద్రల గూడ రొండిల నుంచి తీయకపోతుండె” అనెను. అప్పుడు నాకు తోచినది: ఇది క్రొత్త వింత కాదు, నడుమ మనము పోగొట్టుకొన్న వస్తువే.

పిమ్మట నేనే అంగడికి పోయి, మూడు పరీక్షలు పెట్టి యెన్నుకొంటిని. మొదటిది గోటి పరీక్ష. చాకు అలుగును నా బొటనవ్రేలి గోటితో నేనే తెరువగలుగవలెను. గోరు విరుగునంత బిగువైనది అక్కరకు రాదు. రెండవది గుడ్డ పరీక్ష. తాళపుచెవులకు తగిలించు 58 మిల్లీమీటర్ల బుల్లి చాకు ఇరువది గ్రాములకు కొంచె మెక్కువ. దారమునకు, పాలప్యాకెట్టునకు చాలును. కాని నా పాతచీర నాలుగు మడతలుపెట్టి ప్రయత్నింపగా దాని కత్తెర అంచువద్ద ఆగిపోయెను. మడచినపుడు 91 మిల్లీమీటర్లుండు చాకు తెగగోసినది. అందు కత్తెర యుండుట ముఖ్యము. మెడవద్ద చాకుకంటె కత్తెరయే క్షేమము. మూడవది రొండి పరీక్ష. ఒక పగలెల్ల పని చేసినను ఉన్నట్లే తోచరాదు. మన చీరలకు జేబు లేదు గనుక లోపావడా నడుము పట్టీకి చిన్న తిత్తి కుట్టుకొంటిని.

ఇట్టి చాకులలో పెక్కింటికి అలుగును నిలిపియుంచు పట్టు ఉండదు. మొనతో పొడిచి త్రవ్వినచో అలుగు మూసికొని వ్రేలు తెగును, కోయుటకే వాడవలెను. పసుపు బంక అంటినప్పుడు గోరువెచ్చని నీట కడిగి, బాగుగా తుడిచి, కీలున నొక బొట్టు కుట్టుమిషను నూనె వేయవలెను. మొండి కత్తి మరింత ప్రమాదము గనుక అప్పుడప్పుడు సాన పట్టవలెను. పిల్లల చేతి కందనీయరాదు. విమానమెక్కునప్పుడు చేతిసంచిలో నుంచుకొనరాదు.

నాటినుండి నా చాకు ఎన్ని పనులు చేసినదో! బస్తా పురికొస కోసినది, పిల్లవాని పాదమున తుమ్మముల్లు తీసినది, కుక్కరు పిడి మర బిగించినది. చీర కోయవలసిన యవసరము మరల రాలేదు, రాకుండుగాక!

మొన్న మా ఆడబిడ్డకు ఒడిబియ్యము పోసితిమి. కత్తిని చేతి కియ్యరాదని పెద్దలందురు గనుక, పసుపు కొమ్ముల ప్రక్కన పళ్లెములో అట్టి చాకునే యొకదానిని పెట్టితిని. ఆమె మెడ మీది మచ్చను ఒకసారి తడవుకొని, చాకు నందుకొని, బొటనవ్రేలి గోటితో తెరచి చూచెను. సులువుగా తెరచుకొన్నది. మడచి రొండిన దోపుకొని, కొంగు బిగించుకొని, బండి యెక్కినది.