పెద్ద నోట్లు

అమెరికా దేశపు పాతనోట్లను సేకరించుట మాకు చిరకాలపు వ్యసనము. ఆ దేశమున 500 మొదలు 10,000 డాలర్ల వరకును నోట్లుండెనన్న పలువురు నమ్మరు. వాని ముద్రణము 1945లో నిలిచెను. వాడువారు కొరవడుటచే 1969లో ప్రభుత్వమువారు జారీచేయుటయు మానిరి. పదివేల నోటుపై నున్నది అధ్యక్షుని బొమ్మ గాదు. లింకనుగారి ప్రభుత్వమున ఆర్థికమంత్రియైన సామన్ చేజ్‌గారిది. చదువరులలో నాయన నెందరెరుగుదురో!

మా యొద్ద అధ్యక్షుడు మెకిన్లీగారి బొమ్మగల 500 డాలర్ల నోటొక్కటి కలదు. అది నేటికిని చెల్లును. బ్యాంకున నిచ్చినచో సరిగా 500 డాలర్లే వచ్చును. పిమ్మట నది ఫెడరల్ రిజర్వు బ్యాంకునకు జేరి నాశనము చేయబడును. సేకరించువారో, అంతకు హెచ్చు వెల నిత్తురు. ఇంట డబ్బునకు ఇబ్బంది కలిగినపుడు మా యింటివారు రెండుమార్లు పెట్టె తెరచిరి. “అమ్మిన నమ్ముడు, బ్యాంకునకు మాత్రము వలదు, పోయినది మరల అచ్చుపడదు” అని మేము పట్టుబట్టితిమి.

1890 నాటి వేయి డాలర్ల నోటొకటి, వెనుకనున్న సున్నలు పుచ్చకాయలవలె నుండుటచే ఆ పేరనే ప్రసిద్ధమై, 2014లో వేలమున 30 లక్షల డాలర్లకు పైగా పలికెను. మా దాని కంతటి యోగము లేదు. నడుమ మడత, ఒక మూల చినుగు. రెండవమారు పెట్టె మూసిన నాటినుండి తాళపుచెవి మా మొలనే యున్నది.