పూడిపోయిన రేవూ, కదలని మనుషులూ

హిస్టరీ, సోషియాలజీ అంటే ఇంజనీరింగ్ సీటు రానివాళ్ళ చదువులని మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఓ గట్టి నమ్మకం. ఇక వరదలూ కరువులంటారా, అవి సైంటిస్టులూ ఇంజనీర్లూ చూసుకునే లెక్కలని తీర్మానించేస్తాం. నాకైతే ఇది సగం నిజమే అనిపిస్తుంది. ఎందుకంటారా? మన ధరణికోటనే తీసుకోండి.

అమరావతి పక్కనున్న ఈ ఊరే శాతవాహనుల కాలం నాటి ధాన్యకటకం. 1962-65 మధ్య పురావస్తు శాఖ వాళ్ళు ఇక్కడ తవ్వితే కృష్ణతో కలిసే ఓ పడవల కాలువా, దాని ఒడ్డున రేవూ బయటపడ్డాయి. రేవుని మొదట చెక్కతో కట్టారు, తర్వాత ఇటుకలతో కట్టారు. చివరికి కాలువ ఒండ్రుతో పూడిపోయింది, రేవు మూలపడింది.

మట్టి పొరలు చెప్పేది ఇంతవరకే. పూడిక తీతకి డబ్బులెవరిచ్చారు? ఇక లాభం లేదని ఎవరు తేల్చారు? వ్యాపారులు ఇంకో రేవు చూసుకుని ఉంటారు, మరి పడవలవాళ్ళు? దీనికి జియాలజిస్టు ఒక్కడూ చాలడు. శాసనాలు చదివేవాళ్ళు, నాణేలు పరిశీలించేవాళ్ళు, ఊరిపేర్ల మీద పనిచేసే భాషావేత్తలు అందరూ ఒకచోట కూర్చోవాలి. మన భాషలో చెప్పాలంటే, సర్వర్ ఎప్పుడు పడిపోయిందో లాగ్ ఫైల్ చెప్తుంది. యూజర్లు ఎటు పోయారో చెప్పదు.

ఎప్పటిదో గొడవ ఇప్పుడెందుకు అంటారేమో. ఇదే కృష్ణ మీద, ఇదే పల్నాట్లో నాగార్జునసాగర్ నిండేముందు 1954-60 మధ్య లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాల్ని జాగ్రత్తగా కొండమీదకి మార్చారు. మంచిపనే, కాదనను. ఆ రాళ్ళని ఇప్పటికీ పడవెక్కి వెళ్ళి చూడొచ్చు. మరి లోయ ఖాళీ చేసిన జనం బతుకు మళ్ళీ ఎలా మొదలుపెట్టారో తెలియాలంటే ఏ మ్యూజియంకి వెళ్ళాలి?

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ అంకె వెంటనే మన ఫోన్లలోకి వచ్చేసింది. కానీ మైకులో ఎంత మొత్తుకున్నా ఓ పెద్దాయన ఇల్లు ఎందుకు కదలడు? గేదెల కోసమా, ధాన్యం కోసమా, పోయినసారి నీళ్ళు అరుగు దాకానే వచ్చాయన్న ధైర్యమా? ఆ డేటా ఏ సెన్సారూ ఇవ్వదు. పక్కన కూర్చుని ఓపిగ్గా అడిగేవాళ్ళే తేవాలి.

హెచ్చరిక మెసేజ్ పంపే కోడ్ మనలాంటివాళ్ళమే రాస్తాం. అది చదివాక మనిషి కదలకపోతే మనం పంపింది ఎస్సెమ్మెస్సే, సాయం కాదు. అందుకే, మీ ఇంట్లో పిల్లలెవరైనా హిస్టరీ చదువుతామంటే "ఎందుకూ పనికిరాదు" అనకండి, ప్లీజ్.