సరమతో నడక

మహాభారతకథ కుక్కతో మొదలయి కుక్కతో ముగియుచున్నదనిన చదువరులు నవ్వుదురేమో. కాని యది సత్యమునకు మిక్కిలి సమీపము. ఆదిపర్వారంభమున జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా నచటికి వచ్చిన సారమేయమను కుక్కపిల్లను రాజు తమ్ములు కొట్టిరి. అది హవిస్సును ముట్టలేదు, కన్నెత్తి చూడనైన లేదు. దాని తల్లియగు సరమ రాజు నెదుటికి వచ్చి, నిరపరాధిని కొట్టినవారికి తలపని భయము గలుగునని పలికి పోయెను. నన్నయభట్టారకు డీకథను తెలుగున చెప్పియున్నాడు. ఇక కడపట మహాప్రస్థానమున ధర్మరాజు వెంట తుదివఱకు నడచినది కుక్కయే. దానిని విడిచి స్వర్గమున కేగ నాతడు సమ్మతింపలేదు.

ఇట్టి గ్రంథమును పీటపై నుంచి పూజించు మన యిండ్లలో కుక్క గడప దాటరాదు. మిగిలిన యన్నము వాకిట వేయుదుము. అది తిని రాత్రి మన వాకిట నొఱగిన, విశ్వాసము గల జంతువని మెచ్చుకొందుము. అదియే మఱునాడు పొరుగింటి బిడ్డను కఱచిన, "అది మా కుక్క కాదండీ, వీధికుక్క" యందుము. రాత్రి మనదై, పగలు ఎవరిదియు గాకపోవు నీ జంతువును గూర్చియే మేమిచట నాలుగు మాటలు వ్రాయ దలచితిమి.

నాలుగేండ్ల క్రిందట పత్తిబండి క్రింద దొరకిన యొక యూరకుక్కపిల్లను మేము తెచ్చి పెంచితిమి. సీజరు, టైగరు మొదలగు దొరల పేరులు మాని దానికి సరమయని పేరిడితిమి. వీధివారు దానిని సరమ్మగా మార్చిరి. పాలు పోయు నామె నిత్యమును "మీ సరమ్మ లేచిందా, మాస్టారూ?" యని మా యింటి పెద్ద ముత్తైదువను విచారించినట్లు విచారించును. మా తల్లిగారి మడికిని సరమకును మధ్య వసారా సరిహద్దుగా నేర్పడినది. ఇంతవఱకు నిరుపక్షములవారును దానిని దాటలేదు.

ఉదయము నొకసారి, సాయంకాలము నొకసారి దాని మెడకు పట్టెడ తగిలించి, త్రాడు చేతబట్టి మున్నేటి గట్టువఱకు నడచుట మాకు నియమము. వేసవిలో ఇసుకనడుమ సన్నని పాయయై పాఱు నీ యేరు, 2024 సెప్టెంబరులో ఊరిమీదికి పొంగివచ్చినదన్న క్రొత్తవారు నమ్మరు. మిరప కల్లములలో కాయ యెండుచున్న దినములలో సరమ దానిని త్రొక్కకుండ త్రాడు కుఱుచ చేయవలయును. ఎండలు ముదిరిన పిదప సూర్యోదయమునకు ముందే బయలుదేఱవలయును. తారురోడ్డుపై మన యరచేయి నిలువనిచో దాని పాదము నిలువదు. మాఘమాసపు తిరునాళ్ళలో తిరుపతమ్మతల్లి దర్శనమునకు జనము క్రిక్కిఱిసి వచ్చునపుడు గట్టున కుక్కకు పని లేదు. ఆ దినములలో పొలముల వైపు పోవుదుము. మలమెత్తుటకు పాత దినపత్రిక వెంట నుండును. మేము తెప్పించు పత్రికలలో కొన్నిటికి నిదియే సార్థకత.

ఈ నడకవలన మాకు తెలిసిన విషయములు రెండు. మొదటిది మా యింటికి సంబంధించినది. పల్లెలో పనిలేక నడచుటకు పురుషునకే సంజాయిషీ కావలయును. స్త్రీకి వేఱుగ చెప్ప నేల? మా గృహిణి యిరువదియేండ్లుగా నీ యూర కాపురముండియు, గుడికి, అంగడికి, పేరంటమునకు దప్ప, ఊరక గాలికొఱకు మున్నేటి గట్టున నడచి యెఱుగదు. "ఎక్కడికమ్మా?" యన్న ప్రశ్నకు చెప్ప సమాధానము లేకపోవుటయే కారణము. ఇప్పుడు చేత త్రాడున్నది. సరమకు నడక కావలెనన్న నెవ్వరు నాక్షేపింపరు. మా కుమార్తెయు నట్లే పోయి వచ్చుచున్నది. కుక్కకు గల స్వేచ్ఛలో స్త్రీకి వంతు దొరకుట మా గ్రామమునకు మర్యాద కాదు. కుక్క పేర దొరకిన యీ యరగంట, కుక్క లేకయే దొరకవలసినది.

రెండవది వీధికి సంబంధించినది. ఒకనాడు పుస్తకములసంచితో వచ్చుచున్న పిల్ల మమ్ము జూచి కరెంటు స్తంభము చాటున నిలిచి, "కరుస్తుందా, మాస్టారూ?" యని యడిగెను. కుక్కను పెంచువారందఱు నిట్టి ప్రశ్నకు "ఏమీ చేయదమ్మా, రా" యందురు. మేము త్రాడు కుఱుచ చేసి ప్రక్కకు తొలగి నిలిచితిమి. ఆ పిల్ల దారి యాపిల్లది. దాని భయము న్యాయమైనది.

ఏలయన, పిచ్చికుక్క కాటువలన కలుగు జాడ్యము లక్షణములు కనబడిన పిమ్మట ఇంచుమించుగా నెవ్వరిని బ్రదుకనీయదు. ప్రపంచమున నేటేట సుమారు 59,000 మంది దీనివలన మరణించుచున్నారని యంచనా. మనుష్యులకు ఇది సోకుటలో నూటికి 99 పాళ్ళు కుక్కలే కారణము. అనుమానింపదగిన జంతువుల కాటుకు గుఱియగువారిలో నూటికి 40 మంది 15 ఏండ్లలోపు బిడ్డలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 1885 జులై 6వ తేదిని పాశ్చరు మహాశయుడు జోసెఫ్ మైస్టరను తొమ్మిదేండ్ల బాలునికి టీకా వేసి కాపాడెను. 1907లో నీలగిరులలోని కూనూరున పాశ్చరు సంస్థ వెలసెను. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులన్న పాత భయమును పెద్దలిప్పటికిని మఱవలేదు గాని, ఆ విధానము పోయి చాల కాలమైనది. ఇప్పుడు కొలది సూదులు చేతికే వేయుదురు. అయినను కాటుపై కారము చల్లువారు, సున్నము పూయువారు, పసరు పోయించువారు నేటికిని గలరు. చేయవలసినది తేలిక: సబ్బుతో, పాఱు నీటితో 15 నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలయును.

కొందఱు కుక్కల నన్నిటిని పట్టి దూరముగ తోలవలెనందురు. కొందఱు జీవకారుణ్యమని యెక్కడ బడిన నక్కడ అన్నము వేయుదురు. 2023నాటి కేంద్ర నియమములు వీధికుక్కలకు శస్త్రచికిత్స చేయించి, టీకా వేయించి, తిరిగి యాచోటనే విడువవలెనని స్థానిక సంస్థలకు విధించినవి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, పిచ్చిపట్టిన వానిని, క్రూరస్వభావము గలవానిని మినహాయించి, ఇట్లే విడువవలెనని చెప్పుచు, అన్నము మాత్రము నియమితస్థలములలోనే పెట్టవలెనని యాజ్ఞాపించినది. ఒక ప్రాంతపు కుక్కలలో నూటికి 70కి టీకాలు పడినచో జాడ్యము వానిలో వ్యాపింపక ఆగిపోవునని శాస్త్రజ్ఞుల మతము. కావున టీకా పొందిన కుక్క వీధికి శత్రువు కాదు. బిడ్డకును జాడ్యమునకును నడుమ నిలిచిన కావలి.

చదువరులారా! కుక్కను పెంచుటయనగా దానికి అన్నము పెట్టుట మాత్రము కాదు. అది చేయు పనికి వీధిలో పదిమంది యెదుట పూచీపడుట. వాకిట ముద్ద వేసినవారు దాని మెడకు పట్టెడయు తగిలించి, ఏటేట టీకాయు వేయింపవలయును. పాశ్చరు తొలి టీకాకు స్మారకముగా జులై 6వ తేదిని పశువైద్యశాలలలో పెంపుడుకుక్కలకు ఉచితముగా టీకాలు వేయుట కలదు. ఆ దినమున మీ వాకిట తిరుగు కుక్కను త్రాడు పట్టి తీసికొనిపొండు. నడిపించు పని మీ యింటి యాడపడుచుల కప్పగించిన మఱియు మేలు. మఱునాటినుండి వారు కుక్క లేకయే గట్టునకు బయలుదేఱినచో, ఎక్కడికని యడుగకుడు.